అప్‌డేట్: ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ 5.5 నుంచి 6.5కి వచ్చింది

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష రైటింగ్‌లో రెండుసార్లూ 9కి 5.5 దగ్గరే ఆగిపోయాను, కోచింగ్‌లో ఇచ్చిన 3000 పదాల లిస్టు మొత్తం బట్టీ పట్టాలా అని మూడు నెలల కిందట అడిగాను కదా. వద్దు, అకడమిక్ వర్డ్ లిస్ట్ (చదువు సంబంధ రాతల్లో ఎక్కువగా వచ్చే ఇంగ్లిష్ పదాల జాబితా)లోని 570 పద కుటుంబాలు, అంటే ఒకే మూలపదం నుంచి వచ్చే పదాల గుంపులు చాలు, ఒక్కో పదాన్నీ దాని జోడీతో, అంటే దాని పక్కన మామూలుగా వచ్చే పదంతో సహా రాసుకో అని ఒక అక్క చెప్పారు. నిన్న రిజల్ట్ వచ్చింది. 6.5!

రోజుకు ఎనిమిది పదాలే చదివాను. అసలు మార్పు తెచ్చింది ఆ జోడీలే. 'తప్పు చేశాను' అని తెలుగులో అనుకుని 'డిడ్ ఎ మిస్టేక్' అని రాసేవాణ్ణి. అక్కడ 'మేడ్' రావాలి. 'దాని గురించి చర్చించాం' అనుకుని 'డిస్కస్' పక్కన అక్కర్లేని 'అబౌట్' పెట్టేవాణ్ణి. రైటింగ్ మార్కుల్లో నాలుగో వంతు పదసంపదకే ఉంటుంది, పెద్ద పదాలు వాడితే వస్తాయనుకుని ఇన్నాళ్లూ పొరబడ్డాను.

స్పెల్లింగ్ కూడా చూసుకోండి. 'గవర్నమెంట్', 'ఎన్విరాన్‌మెంట్' రెండింట్లోనూ 'ఎమ్' ముందు 'ఎన్' ఉంటుంది. లిజనింగ్‌లో అది వదిలేస్తే ఆ మార్కు పోయినట్టే.

స్పీకింగ్ మాత్రం ఇంకా 6 దగ్గరే ఉంది. రాసేటప్పుడు వచ్చే పదాలు మాట్లాడేటప్పుడు నోటికి రావడం లేదు. ఇప్పుడు దాని మీద కూర్చున్నాను.

అక్కా, మీకు చాలా చాలా థాంక్స్. నా జోడీల నోట్సు ఎవరికైనా కావాలంటే అడగండి, ఫోటోలు పెడతాను.