రంగు పామ్‌ల చిన్న మొక్కలు: కొసలు మాడుతున్నాయి, ఎరుపు పలచబడుతోంది. ఏం వేయాలి?

మిద్దెతోట_ఉప్పల్:

అందరికీ నమస్తే. ఉప్పల్‌లో మిద్దె మీద రెడ్ లటాన్, బిస్మార్కియా, లిప్‌స్టిక్ పామ్, ఫ్లేమ్ త్రోవర్, నారింజ మొవ్వ ఉండే అరెకా వెస్టియారియా పెంచుతున్నాను. కడియం వైపు నర్సరీల నుంచి వచ్చినవి. జానెడు నుంచి మూరెడు ఎత్తు ఉంటాయి. 8 అంగుళాల కుండీలు. సగం కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పావు వర్మీకంపోస్ట్, పావు ఎర్రమట్టి. పైన 75 శాతం గ్రీన్ నెట్. బోరు నీళ్లే, నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటర్ 900 చూపిస్తోంది. రోజూ సాయంత్రం పోస్తాను.

ఈ ఫిబ్రవరి ఆఖరుకి పరిస్థితి ఇది. లిప్‌స్టిక్ పామ్ కొత్త ఆకు పుల్లలా నిలబడిపోయింది, విచ్చుకోవట్లేదు. ఫ్లేమ్ త్రోవర్, వెస్టియారియా ఆకుల కొసలు మాడుతున్నాయి. రెడ్ లటాన్ కాడలు వచ్చినప్పుడున్నంత ఎర్రగా లేవు. బిస్మార్కియా సన్నగా సాగుతోంది, వెండి రంగు జాడే లేదు. ఎప్సం సాల్ట్ వేయమని ఒకరు, పొటాష్ వేయమని ఒకరు చెప్పారు. ఏది వేస్తే రంగు వస్తుంది?

గోదారొడ్డు_తోటమాలి:

రంగుకి మందు లేదండి. మెగ్నీషియం తక్కువైతే ఎప్సం, పొటాషియం తక్కువైతే పొటాష్ పనిచేస్తాయి గానీ లేని ఎరుపుని తేలేవు. రంగు జాతిని బట్టి, వయసుని బట్టి, వెలుతురుని బట్టి వస్తుంది. మీరు ఐదు రకాల్నీ ఒకే నెట్ కింద పెట్టేశారు, అక్కడే తేడా కొట్టింది.

లటాన్, బిస్మార్కియా రెండూ మన తాటిచెట్టుకి చుట్టాలు. మొదటిదాని సొంతూరు రీయూనియన్ దీవి, రెండోదానిది మడగాస్కర్ గడ్డి మైదానాలు. ఎండ తగలాలి, గాలి ఆడాలి, వేరు దగ్గర నీరు నిలవకూడదు. 75 శాతం నీడలో పెడితే వెలుతురు కోసం మెడ సాచినట్టు సాగుతాయి, రంగు వెలిసిపోతుంది. వెలిసిన పాత ఆకు మళ్లీ ఎర్రబడదు. వెలుతురులో వచ్చే కొత్త ఆకుల్లో చూసుకోవాలి.

తాటి తేగ చూసే ఉంటారు కదా. టెంక మొలిస్తే ముందు కాడ భూమిలోకి దిగుతుంది, ఆ అడుగు నుంచి ఆకు పైకొస్తుంది. బిస్మార్కియాదీ అదే తీరు. అందుకే విత్తనాన్ని మామూలు ట్రేలో పెడితే కాడ అడుగుకి తగిలి వంకర తిరిగి మొక్క గిడసబారుతుంది. ఇప్పుడున్న మీ మొక్కకి కూడా 8 అంగుళాల లోతు చాలదు. 6 అంగుళాల పీవీసీ పైపుని 40 సెంటీమీటర్ల ముక్కగా కోసి, నిలువునా ఒక పక్క పైనుంచి కిందిదాకా రంపంతో చీల్చండి. బైండింగ్ వైరుతో రెండుచోట్ల బిగించి, అడుగున షేడ్ నెట్ ముక్క కట్టండి. రేపు నేలలోకి మార్చేటప్పుడు వైరు విప్పితే పైపు నోరు తెరుస్తుంది, మట్టిగడ్డ చెదరకుండా మొక్క చేతికొస్తుంది. లటాన్‌కి లోతైన గ్రో బ్యాగ్ అయినా సరిపోతుంది. రెండిటికీ కోకోపీట్ మానేసి, జల్లించిన మొరం 3 పాళ్లు, ముతక ఇసుక 3 పాళ్లు, కంపోస్ట్ 1 పాలు కలపండి. ఇప్పుడున్న కుండీని పక్కనుంచి కోసి తీయండి, మొక్కని పట్టుకుని లాగొద్దు. బిస్మార్కియా వేరు తెగితే పెద్ద మొక్క నెలల తరబడి కదలదు, చిన్న మొక్కైతే దక్కదు.

ఎండకి అలవాటు చేయడానికి ఇదే అదను. మొదటి వారం పొద్దున 9 దాకా, రెండో వారం 11 దాకా ఎండ తగలనివ్వండి. తర్వాత 50 శాతం నెట్ కింద ఏప్రిల్, మే గడిపించి, తొలకరి పడ్డాక పూర్తి ఎండలో పెట్టేయండి. మిద్దె కాంక్రీట్ కాలిపోతుంది కాబట్టి కింద ఇటుకలు పెట్టి, పైపు చుట్టూ గోనెపట్టా చుట్టండి. ఎండలో ఆకు కంటే ముందు వేరు ఉడికిపోతుంది.

బిస్మార్కియా వెండి రంగంటే ఆకు మీద ఉండే మైనపు బూడిద పూతే. దాన్ని గుడ్డతో తుడవకండి, సబ్బునీళ్లు, వేపనూనె కొట్టకండి. పూత పోయిన ఆకు పచ్చగానే మిగిలిపోతుంది. ఇంకో సంగతి, చిన్నప్పుడు ఆకులో వంగపండు ఛాయ కనిపిస్తే అది వెండి రకం. ఆ ఛాయ బొత్తిగా లేకపోతే పచ్చ రకం అయ్యుండొచ్చు, అప్పుడు ఎంత ఎండ పెట్టినా వెండి రాదు.

లటాన్ గురించి కూడా ఒక మాట ముందే చెప్పాలి. నీలి లటాన్ మొక్కలు కూడా చిన్నప్పుడు ఎర్రగా ఉంటాయి. పైగా లటాన్‌లలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. తోటలో రెండు మూడు రకాలు పక్కపక్కన ఉంటే గింజ సంకరం కావచ్చు. అసలు రెడ్ లటాన్ అయినా చెట్టయ్యేకొద్దీ ఎరుపు తగ్గిపోతుంది, దాని అందమంతా చిన్నప్పుడే.

బోరునీళ్ల_బాధితుడు:

కొసలు మాడడానికి మొదటి అనుమానం నీళ్ల మీదే. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందా? కడితే అది ఉప్పే. అడవి నీడలో వానల్లో పెరిగే ఫ్లేమ్ త్రోవర్, వెస్టియారియాలు 900 టీడీఎస్‌ని తట్టుకోలేవు. ఆకు తాగిన నీరు ఆవిరైపోతుంది, ఉప్పు కొసలో దిగబడిపోతుంది. అందుకే ముందు కొసే మాడుతుంది.

ఏసీ నుంచి కారే నీళ్లు పట్టండి, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. బోరు నీళ్లతో సగం సగం కలిపితే 450 దగ్గరికి దిగుతుంది. నల్లా నీళ్లు వస్తుంటే ఈ మొక్కలకి అవే వాడుకోండి. ఆర్‌వో మిషన్ వదిలేసే నీళ్లు మాత్రం అస్సలు పోయొద్దు. తాగే నీళ్లలోంచి తీసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. ఎయిర్ కూలర్ అడుగున మిగిలినవీ అంతే, ఆవిరయ్యేకొద్దీ చిక్కబడిన నీళ్లవి.

పేరుకున్న ఉప్పు కడగాలంటే నెలకోసారి కుండీ పరిమాణానికి మూడింతల మంచినీళ్లు నెమ్మదిగా పోసి అడుగునుంచి పూర్తిగా కారనివ్వండి. 8 అంగుళాల కుండీకి 12 నుంచి 15 లీటర్లు పడుతుంది. కోకోపీట్ కొత్తగా నానబెట్టినప్పుడు కూడా కడగాలి. 5 కిలోల దిమ్మెకి సుమారు 100 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లు పోసి రాత్రంతా ఉంచి, పొద్దున మంచినీళ్లతో రెండుసార్లు పిండేయండి. దీనికి బద్ధకించి దిమ్మెని నేరుగా వాడేస్తే మొక్క మొదటి నెల నుంచే ఉప్పు తింటుంది.

నల్లగొండ వైపు నుంచి ఎవరైనా ఇది చదువుతుంటే, మీ బోర్లలో ఫ్లోరైడ్ కూడా కొసల్ని మాడుస్తుంది. ఆ మొక్కలకి సూపర్ ఫాస్ఫేట్ వేయకండి, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

కొత్త ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపైతే అది ఇనుము అందకపోవడం. బోరు నీళ్లలోని సున్నం వల్ల మట్టిలో ఉన్నా వేరు తీసుకోలేదు. షాపుల్లో ఎక్కువగా ఇచ్చే ఈడీటీఏ ఐరన్ క్షారపు మట్టిలో నిలవదు, ఈడీడీహెచ్ఏ రకం అడిగి తీసుకోండి.

మిద్దెతోట_ఉప్పల్:

తెల్లటి పొర ఉంది. ఆర్‌వో వేస్ట్ నీళ్లు కూడా వీటికే పోతున్నాయి, ఈ రోజు నుంచి బంద్. లిప్‌స్టిక్ సంగతి ఎవరైనా చెప్పండి. ఆకు పుల్ల పచ్చగానే ఉంది, లాగి చూడాలంటే భయంగా ఉంది.

నీడపట్టు:

రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా ఒక్కసారి పైకి లాగి చూడండి అన్నా. గట్టిగా ఉంటే మొవ్వ బాగున్నట్టే, ఇంక ముట్టుకోకండి. లిప్‌స్టిక్ పామ్ మలేషియా, సుమత్రా, బోర్నియో వైపు బురద అడవుల మొక్క, అక్కడ చలన్నదే ఉండదు. హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి రాత్రులు 12 డిగ్రీల దగ్గరికి దిగితే దానికి ఎదుగుదల ఆగిపోతుంది. రాత్రులు 20 దాటాక పుల్ల విచ్చుకుంటుంది. ఆ ఆకు మీద గోధుమ మచ్చలుంటే కంగారొద్దు, దాని తర్వాతిది శుభ్రంగా వస్తుంది. వచ్చే నవంబర్ నుంచి రాత్రుళ్లు లోపల పెట్టుకోండి.

పుల్ల ఊడి చేతికొచ్చి, మొదలు మెత్తగా కుళ్లు వాసన వేస్తే మొవ్వకుళ్లు. అప్పుడు మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 5 మిల్లీలీటర్లు ఆ బొక్కలో పోయండి. బుసబుసా నురగ వస్తుంది. అది ఆగాక కుండీని వంచి వంపేయండి. మర్నాడు లీటరుకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి అక్కడే పోయండి. రెండూ ఒకే రోజు వద్దు. తర్వాత మొవ్వలో నీళ్లు పడకుండా చూడాలి. మీరు సాయంత్రం పోస్తున్నారు కదా, చలికాలంలో ఆ తడి రాత్రంతా మొవ్వలో ఉండిపోతుంది. ఇకనుంచి పొద్దునే, మొదట్లోనే పోయండి.

దీనికి ఎర్రమట్టి పనికిరాదు. కడిగిన కోకోపీట్ 3 పాళ్లు, కొబ్బరి డొక్క ముక్కలు 2, బొగ్గు ముక్కలు 1. మిగతావాటికి నీరు నిలిస్తే చావు, దీనికి నీరు ఆరితే చావు. మార్చి నుంచి కుండీని టబ్బులో పెట్టి అడుగున రెండు మూడు వేళ్ల లోతు మంచినీళ్లు ఉంచండి. మూడు రోజులకోసారి మార్చకపోతే దోమలు. చలి మొదలవగానే టబ్బు తీసేయండి. ఆకుల మీద బోరు నీళ్లు స్ప్రే చేస్తే తేమ సంగతేమో గానీ తెల్ల మచ్చలు మాత్రం ఖాయం. మొక్కలన్నీ దగ్గరదగ్గరగా పెట్టి, మధ్యలో తడి గోనెపట్టా పరిస్తే మేలు. కాడ ఎరుపంటారా, చిన్న మొక్కలో ఆకుపచ్చగా, గోధుమరంగుగానే ఉంటుంది. కొన్నేళ్ల మీద మెల్లగా తిరుగుతుంది, ఏం వేసినా ముందుకు జరగదు.

ఫ్లేమ్ త్రోవర్ న్యూ కలెడోనియాది. కొత్త ఆకు ఎర్రగా విచ్చుకుని పది పన్నెండు రోజుల్లో పచ్చబడుతుంది, అది రోగం కాదు. ఏడాదికి రెండు మూడు ఆకులే వేస్తుంది కాబట్టి ఆ ఎర్రాకు విచ్చుకునే రోజుల్లో వడగాలి తగిలితే ఆ సీజన్ అందమంతా పోయినట్టే. వెస్టియారియాని, దీన్ని 75 శాతం నెట్ కిందే ఉంచి, పడమటి వైపు ఇంకో నెట్ దించండి.

నర్సరీ నుంచి వచ్చిన ఎర్రమట్టి ముద్ద అలాగే కోకోపీట్‌లో పెట్టారా? అలాగైతే చుట్టూ తడిగా, ముద్ద లోపల పొడిగా ఉండిపోతుంది. ఈ రెండిటి వరకు ముద్దని బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, మట్టి దానంతటదే కరిగేలా మెల్లగా కదపండి. లిప్‌స్టిక్‌కి పెట్టిన మిశ్రమంలోనే ఇసుక 1 పాలు కలిపి నాటండి. వేర్లు మొదలయ్యే చోటు మిశ్రమం పైమట్టానికి సమానంగా ఉండాలి. లోతుగా పూడిస్తే మొదలు కుళ్లుతుంది. పైకి తేలితే కొత్త వేర్లు గాలిలోనే ఎండిపోతాయి.

గోదారొడ్డు_తోటమాలి:

పైన చెప్పినదానికి ఎరువు సంగతి కలుపుతున్నా. కొత్త కుండీలోకి మార్చాక ఆరు వారాలు ఏమీ వేయకండి. ఆ తర్వాత ఓస్మోకోట్ లాంటి మెల్లగా కరిగే గుళికలు, మిశ్రమం లీటరుకి 3 గ్రాములు. లిప్‌స్టిక్‌కి అందులో సగం చాలు. పాత ఆకుల మీద నారింజ చుక్కలు వస్తే పొటాషియం తక్కువైనట్టు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ (పొటాషియం క్లోరైడ్) వద్దు, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి, కుండీలో క్లోరైడ్ ఇంకో ఉప్పే. పాత ఆకుల అంచులు పసుపై మధ్యన పచ్చగా ఉంటే అప్పుడు ఎప్సం.

కొత్తగా_చేరా:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఆన్‌లైన్‌లో నీలం, గులాబీ ఆకుల పామ్ విత్తనాల ప్యాకెట్లు కనిపిస్తున్నాయి, నిజమేనా?

నీడపట్టు:

ఆకు మొత్తం గులాబీగా, ముదురు నీలంగా ఉండే పామ్ లేదు, ఫొటోకి రంగు వేశారు. అసలు రకాల్లో కూడా లిప్‌స్టిక్, ఫ్లేమ్ త్రోవర్, వెస్టియారియా గింజలు ఎండితే మొలవవు. పొడి ప్యాకెట్‌లో వచ్చాయంటే డబ్బు దండగ. తడి కోకోపీట్‌లో పెట్టి పంపేవాళ్ల దగ్గరే కొనండి. బిస్మార్కియా, లటాన్ గింజలు కొన్ని నెలలు ఆగుతాయి. వాటిని రెండు రోజులు, రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టి, పిండితే చుక్క కారనంత తడి ఉన్న కోకోపీట్‌తో జిప్ కవర్‌లో వేసి 30 డిగ్రీల పైన వెచ్చటి చోట పెట్టండి. వారానికోసారి తెరిచి చూస్తూ, మొలక ముక్కు కనపడగానే లోతైన పైపులోకి మార్చేయాలి. బిస్మార్కియాకి ఆలస్యమైతే కాడ కవర్‌లోనే చుట్ట చుట్టుకుంటుంది, సరిచేయబోతే విరుగుతుంది.