కాలేజీలో ఆత్మహత్య జరిగాక స్టాఫ్‌కి ట్రైనింగ్: ఏం చెప్పించాలి?

గుంటూరులో లెక్చరర్‌ని. మా ఇంటర్ అబ్బాయి పోయి గంట కాలేదు, లెటర్ ఫోటోతో సహా స్టేటస్‌లు పెట్టేశారు, అందులో మా స్టాఫ్ కూడా ఉన్నారండీ.

> విజయవాడలో కౌన్సెలర్‌ని సార్. ముందు స్టాఫ్ గ్రూపుతోనే మొదలెట్టండి. ఎలా చనిపోయాడు, లెటర్‌లో ఏముంది ఇవేవీ పెట్టకూడదు, మార్కులు తక్కువొచ్చి అని ఒక్క కారణానికి కట్టేయకూడదు. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేదీ ఇదే, ప్రెస్ కౌన్సిల్ కూడా 2019లో ఆ గైడ్‌లైన్స్ తీసుకుంది (మన యూట్యూబ్ ఛానళ్ళకి ఎవరు చెప్తారో మరి).

> మరి పిల్లలు పెట్టే 'మిస్ యూ రా' రీల్స్ సంగతి?

> తిట్టి డిలీట్ చేయించకండి, బాధ చెప్పుకోనివ్వండి. కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 పెట్టండి, తెలుగులోనే మాట్లాడతారు. రాత్రిపూట కామెంట్లు చూసే పని ఒకళ్ళకి అప్పజెప్పండి, 'నేనూ వచ్చేస్తా మావా' లాంటిది కనపడితే రిప్లై పెట్టి ఊరుకోకుండా వెంటనే ఫోన్ చేసి ఇంట్లోవాళ్ళకీ చెప్పాలి.