కార్తీకంలో కుమార పర్వతం: ఒక్క రోజులో ఎక్కి దిగగలమా?

అందరికీ నమస్కారం. నేనూ మా బావమరిదీ బెంగళూరులోనే ఉంటాం. సావనదుర్గ, శివగంగ ఇప్పటికే ఎక్కేశాం. సావనదుర్గ బండ మీద కాళ్లు వణికాయి గానీ మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉన్నాం. ఆ ధైర్యంతోనే ఈ నవంబరులో కర్ణాటక పడమటి కనుమల్లోని కుమార పర్వతం అనుకుంటున్నాం. ఎత్తు 1712 మీటర్లు, అయితే భయం దాని గురించి కాదు. కుక్కె సుబ్రహ్మణ్య దాదాపు కొండ అడుగునే ఉంది కాబట్టి, అక్కడి నుంచి బయల్దేరితే ఎక్కుడంతా మనమే ఎక్కాలి.

సోమవారపేట వైపు బీదహళ్లి నుంచైతే దారి చిన్నదట. మావాడు మాత్రం స్వామి దర్శనం చేసుకుని కుక్కె నుంచే ఎక్కాలంటాడు. మొక్కు వాడిది, మోకాళ్లు నావి!

ఒక్క రోజులో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: ఎన్నింటికి బయల్దేరారు, ఎన్నింటికల్లా వెనక్కి తిరిగారు? కుక్కె దారి మధ్యలో భోజనం పెట్టే ఇల్లు, భట్టర మనె దాటాక నీళ్లు దొరికాయా, మనిషికి ఎన్ని లీటర్లు మోశారు? వానలు తగ్గాక కూడా జలగలు పట్టాయా? దిగేటప్పుడు నాకు కుడి మోకాలు పట్టేస్తుంది, చేతికర్ర సరిపోతుందా? అటవీశాఖ అనుమతి ఎన్ని రోజుల ముందు తీసుకున్నారో కూడా చెప్పండి.

"వయసెంత?" అని అడుగుతారని తెలుసు. నలభై నాలుగు.