మసాచుసెట్స్ మిలియనీర్ల పన్నులో మా ఊరి వాటా ఎలా తెలుస్తుంది?

నమస్కారం అండీ. మేం మసాచుసెట్స్‌లో ఉంటాం. 2022 నవంబరులో ఇక్కడి ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగ సవరణకు సరే అన్నారు. దాంతో 2023 నుంచి 10 లక్షల డాలర్లు (ధరలను బట్టి ఈ పరిమితి ఏటా కాస్త మారుతుంది) దాటిన ఆదాయంపై, దాటిన భాగంపైనే, మామూలు 5 శాతానికి తోడు మరో 4 శాతం పన్ను వేస్తున్నారు. ఆ డబ్బు చదువుకీ, రోడ్లకీ, బస్సులూ రైళ్లకే వాడాలి. మొదటి ఆర్థిక సంవత్సరంలోనే 200 కోట్ల డాలర్లు దాటింది. మా పాప బడిలో పొద్దున టిఫిన్, మధ్యాహ్నం లంచ్ పిల్లలందరికీ ఉచితం. ఆ ఖర్చులో ఈ డబ్బు ఉంది.

అయినా మా ఊరి బడి బడ్జెట్‌లో ఈసారి కోతలంటున్నారు. మీటింగ్‌లో ఒకాయన "ఆ పన్నంతా ఎటు పోయింది?" అని గట్టిగా అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు. ఈ పన్ను న్యాయమైనదని నమ్మేదాన్ని, నాకు చాలా బాధేసింది.

చెర్రీ షీట్‌లో (ఏ ఊరికి ఎంత సాయం వస్తుందో రాష్ట్రం ఏటా ఇచ్చే లెక్క) రాష్ట్ర సాయం కనిపిస్తోంది కానీ, అందులో ఈ పన్ను వాటా నాకు విడిగా దొరకలేదు. ఊరివారీ లెక్క ఎక్కడ చూడాలి? ఎవరికి రాయాలి? స్కూల్ కమిటీల్లో పనిచేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. వచ్చే మీటింగ్‌కి అంకెలతో వెళ్లాలి.