యూట్యూబుకూ ఇన్‌స్టాగ్రామ్‌కూ లింకు కలపాలా, వద్దా?

స్వర్ణముఖి ఒడ్డు (సోమవారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. మాది శ్రీకాళహస్తి. మా మామగారు నలభై ఏళ్లుగా కలంకారీ వేస్తున్నారు. ఏడాదిన్నర కిందట ఆయన పనిని ఫోనులో తీసి పెట్టడం మొదలుపెట్టాం. ఇన్‌స్టాగ్రామ్‌లో చిన్న రీళ్లకు ఆరు వేల మంది చేరారు. యూట్యూబు మాత్రం 640 దగ్గర మొండికేసింది. అక్కడ పెట్టేవి పెద్ద వీడియోలు. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపి అందులో గుడ్డ నానబెట్టడం, చింతబొగ్గుతో గీత గీయడం, ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో ఊరబెట్టి నల్లరంగు కసిమి తీయడం, అన్నీ వరుసగా చూపిస్తాం. ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు.

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. యూట్యూబు, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ మూడింటినీ ఒకదానికొకటి కలిపేద్దాం, అక్కడివాళ్లు ఇక్కడికి వస్తారు అంటాడు. మా తోడికోడలు, జనాన్ని బయటికి పంపితే ఆ యాప్ మన వీడియోను ఎవరికీ చూపించదు అంటుంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

తోతాపురి (9:22)

కలిపేయండమ్మా. లింకుకు ఎవరూ అద్దె అడగరు.

బండమీద దోసె (9:48)

అమ్మా, సందేహమే వద్దు, కలపాలి. నేను తిరుపతిలో తిండి వీడియోలు చేస్తాను. అన్నిచోట్లా ఒకే పేరు, ఒకే ఫోటో. యూట్యూబు వాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ ఉందని తెలియాలి, ఇన్‌స్టాగ్రామ్ వాళ్లకు ఫేస్‌బుక్ ఉందని తెలియాలి. గాంధీ రోడ్డులో అంగడి పెట్టి బోర్డు కట్టనివాడిని ఏమంటాం? నేనైతే యూట్యూబులో పెట్టే చిన్న నిలువు వీడియోలు, అదే షార్ట్స్, ప్రతి దాని కింద కూడా ఇన్‌స్టాగ్రామ్ లింకు పెడతాను. కష్టపడి సంపాదించుకున్న జనాన్ని ఒక్క గదిలో కూర్చోబెట్టకూడదు.

కపిలతీర్థం (10:05)

ఒక్క సవరణ. షార్ట్ కింద లింకు పెట్టినా ఎవరూ నొక్కలేరు. 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ వివరణలోనూ కామెంట్లలోనూ పెట్టే లింకులు పనిచేయవు. మోసపు లింకులు పెరిగిపోయాయని యూట్యూబే ఆపేసింది. దానికి బదులు ఛానల్ పేజీ పైన, సబ్‌స్క్రైబ్ బటన్ దగ్గర లింకులు కనిపించే ఏర్పాటు చేసింది. పద్నాలుగు దాకా పెట్టుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ బయోలో, అంటే పేరు కింద మన గురించి రాసుకునే చోట, అయిదు. దోసె గారు షార్ట్ కింద పెడుతున్నది లింకు కాదు, అక్షరాలు.

బండమీద దోసె (10:11)

నొక్కకపోతే చదువుతారు. చదివి వెతుక్కుంటారు.

కపిలతీర్థం (10:14)

పేరు తెలిసి వెతుక్కునేవాడికి లింకు ఎందుకు?

బండమీద దోసె (10:17)

పేరు తెలియాలి కదా వెతకడానికి. అందుకే రాస్తున్నాను.

కపిలతీర్థం (10:20)

అయితే పేరు రాయండి. లింకు అనకండి.

తోతాపురి (10:31)

మా తోటలో కాయ చెట్టు మీదే మాగిపోతోందని ఒక రీల్ పెట్టాను. లక్ష మంది చూశారు. దండం గుర్తులు పెట్టారు. కొనడానికి ఒక్కడు రాలేదు. ఆ లక్ష మందికి ఏ లింకు పెట్టి ఉండాల్సిందో ఎవరైనా చెప్పండి.

బైరాగి వేషం (మంగళవారం, ఉదయం 6:40)

లింకు విలువ నన్ను అడగండి. టిక్‌టాక్ రోజుల్లో నాకు అక్కడ 48 వేల మంది ఉండేవారు. గంగమ్మ జాతరలో బైరాగి వేషానికి ఒళ్లంతా నామంకొమ్ము, అదే తెల్లసుద్ద, పూసుకుని తీసిన పదిహేను సెకన్ల ముక్కలే అన్నీ. 2020 జూన్ 29 రాత్రి 59 యాప్‌ల మీద నిషేధం ప్రకటించారు. ఆ రోజుకు నాకు యూట్యూబు లేదు, ఇన్‌స్టాగ్రామ్ లేదు. నా పేరు కూడా ఎవరికీ తెలియదు, వేషమే తెలుసు. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఆ జులైలోనే వచ్చింది, యూట్యూబు షార్ట్స్ సెప్టెంబరులో. రెండింట్లోనూ సున్నా నుంచి మొదలుపెట్టాను. ఇప్పటికీ నాలుగు వేలు దాటలేదు. ఆ రోజు బయోలో ఒక్క లింకు ఉండి ఉంటే సగం మందైనా నా వెంట వచ్చేవారు.

కపిలతీర్థం (7:15)

సగం రారండీ. మీ బాధ కాదనను, కానీ లెక్క వేరు. మళ్లీ స్వర్ణముఖి గారి ప్రశ్నకు వస్తాను, ఎందుకంటే ఇక్కడ ఎవరూ దానికి జవాబు చెప్పడం లేదు.

అమ్మా, యూట్యూబులో ప్రకటనల డబ్బులు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్. దానికంటే కింద ఇంకో మెట్టు ఉంది. 500 మంది, 90 రోజుల్లో మూడు వీడియోలు, ఏడాదిలో 3,000 గంటలు. దాంతో ప్రకటనల డబ్బు రాదు కానీ చూసేవాళ్లు నేరుగా ఇచ్చే దారులు కొన్ని తెరుచుకుంటాయి. మీకు 640 మంది ఉన్నారు, అంటే మనుషుల లెక్క ఆ మెట్టుకు సరిపోయింది. మీకు తక్కువైనది గంటలే అయి ఉండాలి. షార్ట్స్ వరుసలో చూసిన సమయం ఆ గంటల్లోకి రాదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఆరు వేల మంది మిమ్మల్ని చూస్తున్నది అర నిమిషం. మామగారి చేతిలో కలం గుడ్డ మీద జారుతుంది, నలుపు పరుచుకుంటుంది, హాయిగా ఉంటుంది, వేలు పైకి జరుపుతారు. వాళ్లను లింకుతో లాక్కొచ్చి ఇరవై నిమిషాల వీడియో ముందు కూర్చోబెడితే మొదటి నిమిషంలోనే లేచిపోతారు. ఇలా లేచిపోయేవాళ్లు ఎక్కువైతే ఆ వీడియో బాగాలేదని యూట్యూబు అనుకుంటుంది. మీ తోడికోడలు చెప్పిన దాంట్లో కారణం తప్పు, భయం తప్పు కాదు.

నిజంగా పనికొచ్చే లింకు ఒకటుంది. షార్ట్ పెట్టేటప్పుడు దానికి సంబంధించిన మీ పెద్ద వీడియోను జతచేయవచ్చు. అది నొక్కితే పనిచేస్తుంది. కసిమి తీసే ముక్క షార్ట్‌గా పెట్టి పూర్తి వీడియోను దానికి తగిలించండి.

ఇంకొకటి. మీ అబ్బాయి ఒక యాప్‌లోంచి దింపుకున్న వీడియోను దాని గుర్తుతో సహా ఇంకో యాప్‌లో పెడుతున్నాడేమో చూడండి. వేరే యాప్ గుర్తు కనిపించే రీళ్లను తక్కువ మందికి చూపిస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2021లోనే చెప్పింది.

స్వర్ణముఖి ఒడ్డు (7:52)

అవునండీ, గుర్తుతోనే పెడుతున్నాడు! ఇప్పుడే చూశాను.

బండమీద దోసె (8:30)

గుర్తు సంగతి ఒప్పుకుంటాను. మిగతాది పుస్తకం చదివి ఈత నేర్పడం. లింకుతో వచ్చినవాళ్లు నిలబడరని ఎవరు చెప్పారు? నా అనుభవం వినండి. తెల్లవారుజామున అయిదు గంటలకు గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో ఒక ఇడ్లీ బండి దగ్గర వీడియో చేశాను. మూత తీయగానే ఆవిరి గుప్పున లేచి వీధి దీపం వెలుగులో కలిసిపోతుంది. ఆ ఒక్క దృశ్యం ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి, పూర్తిది యూట్యూబులో ఉంది, లింకు బయోలో ఉంది అన్నాను. తొమ్మిది లక్షల మంది చూశారు. యూట్యూబుకు ఎంతమంది వెళ్లారో లెక్క తెలియదు కానీ నెల రోజులు బండివాడికి పిండి సరిపోలేదు. ముఖం చూసి వస్తారండీ జనం. కెమెరా ముందు నిలబడని వాళ్లకు ఆ సంగతి తెలియదు.

కపిలతీర్థం (8:41)

ఆ ఆవిరి మొదటిసారి లేచింది కాదు. మొదటిసారి లెన్సు నిండా పట్టింది. తువ్వాలుతో తుడిచి, మళ్లీ మూత పెట్టించి, అయిదు నిమిషాలు ఆగి, రెండోసారి తీయిస్తే వచ్చిన దృశ్యం అది. తువ్వాలు ఎవరిది?

తోతాపురి (8:44)

ఇదేదో దోసె గురించి కాదు.

బండమీద దోసె (9:20)

అన్నా, నువ్వేనా?

కపిలతీర్థం (9:26)

నేనే. నిన్న రాత్రి నీ మొదటి రాత చదవగానే నువ్వని తెలిసింది. ‘గాంధీ రోడ్డులో అంగడి, బోర్డు’ అనే మాట నాది. నీకు నేను చెప్పిందే.

ఇప్పుడు అందరూ వినండి. మేమిద్దరం మూడేళ్లు ఒకే ఛానల్ చేశాం. తీసేదీ కత్తిరించేదీ నేను, మాట్లాడేది తను. యూట్యూబు నా మెయిల్ మీద, ఇన్‌స్టాగ్రామ్ తన ఫోను మీద. ఆ రోజుల్లో మేమూ లింకులు కలిపాం. 140 వీడియోల కింద తన ఇన్‌స్టాగ్రామ్ లింకు ఉంది, తన బయోలో ఛానల్ లింకు ఉంది. విడిపోయిన మర్నాడు పొద్దున లేచేసరికి తన బయోలో నా లింకు లేదు. నా వీడియోల కింద తనది ఇప్పటికీ ఉంది. లింకు రెండు వైపులా నడిచే దారి అని చెప్పేవాళ్ల మాట నేను ఎందుకు వినాలి?

బండమీద దోసె (9:58)

చెప్పు, అంతా చెప్పు. ఆ 140 వీడియోల్లో ఉన్నది ఎవరి ముఖం? వాటికి ఇప్పటికీ ప్రకటనలు వస్తున్నాయి. ఆ డబ్బు ఎవరి బ్యాంకులో పడుతోంది? విడిపోయాక నాకు ఒక్క నెలైనా పంపావా? నేను తీసేసింది ఒక్క లింకు. నువ్వు ఉంచుకున్నది మూడేళ్ల నా గొంతు.

కపిలతీర్థం (10:02)

కెమెరా, కంప్యూటర్, పెట్రోలు నావి. రాత్రి రెండింటిదాకా కత్తిరించింది నేను. గొంతు ఎంతసేపు వినపడాలో నిర్ణయించింది నేను.

బండమీద దోసె (10:05)

జనం నీ కత్తిరింపు కోసం రాలేదు. దారిలో కనపడితే ‘అన్నా, దోసె అన్నా’ అని నన్ను పిలుస్తారు. నిన్ను ఒక్కడైనా పిలిచాడా?

కపిలతీర్థం (10:06)

అదే నీ జబ్బు.

నిర్వాహకుడు (10:15)

ఇద్దరూ కాసేపు ఆగండి. ఇంటి లెక్కలు ఇక్కడ తేలవు. ప్రశ్న అడిగినావిడ ఇంకా ఇక్కడే ఉన్నారు.

బైరాగి వేషం (10:40)

నాకు ఇప్పుడు అర్థమైంది. నా వేషం చూసి వచ్చిన 48 వేల మంది నావాళ్లు కాదు, వేషానివాళ్లు. దోసె గారి వాళ్లు మాత్రం ఎవరివాళ్లో తేలడం లేదు.

స్వర్ణముఖి ఒడ్డు (మధ్యాహ్నం 1:30)

మీ ఇద్దరి మాటలూ చదివాక లింకు సంగతి మరిచిపోయి ఇంకోటి చూశాను. మా ఛానల్ మా అబ్బాయి మెయిల్ మీద ఉంది. ఇన్‌స్టాగ్రామ్ వాడి ఫోను నంబరు మీద. ఫేస్‌బుక్ నాది. వచ్చే ఏడాది వాడు చదువుకు చెన్నై వెళ్తాడు. కొడుకే కదా అనుకున్నాను. కానీ వీడియోల్లో ఉన్నవి మామగారి చేతులు. ఆయనకు స్మార్ట్‌ఫోనే లేదు. ఆయన పేరున ఏదీ లేదు. ఇది ఎవరి మీద ఉండాలి?

బండమీద దోసె (1:41)

చేతులు ఎవరివో వాళ్లవే అమ్మా. ఆయన పేరునే పెట్టండి. ఛానల్ పేరు కూడా ఆయనదే ఉండాలి.

కపిలతీర్థం (1:55)

ఆయనకు ఫోనే లేనప్పుడు ఆయన పేరున పెడితే పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది? మళ్లీ అబ్బాయి దగ్గరే. పేరు ఆయనది పెట్టండి, మెయిల్ మీది పెట్టండి. ఛానల్‌ను నడిపే పేజీ, అదే యూట్యూబ్ స్టూడియోలో అనుమతులు అని ఒక చోటు ఉంటుంది. పాస్‌వర్డ్ చెప్పకుండానే అబ్బాయికి మేనేజర్‌గానో ఎడిటర్‌గానో పని అప్పగించవచ్చు, రేపు వద్దనుకుంటే తీసేయవచ్చు. ఆ సంగతి మాకు అప్పట్లో తెలిసి ఉంటే ఒక కాగితం రాసుకునే బుద్ధి కూడా పుట్టేదేమో. ఇన్‌స్టాగ్రామ్ నంబరును మీ నంబరుకు మార్చండి, రెండంచెల ధృవీకరణ పెట్టండి. ఆ తర్వాత లింకులు కలపండి. కలపవద్దని నేను ఎప్పుడూ అనలేదు.

బండమీద దోసె (1:58)

నిన్న రాత్రి నుంచి అదే అంటున్నావు.

కపిలతీర్థం (2:03)

షార్ట్ కింద పెట్టవద్దు అన్నాను. అది లింకు కాదు.

స్వర్ణముఖి ఒడ్డు (2:20)

మామగారికి చెప్పాను. ‘కలం వెదురుది, ఉన్ని చుట్టింది నేను, గుడ్డ కొన్నది మీరు, చీర ఎవరిదో అడుగుతారా’ అని నవ్వారు. నవ్వారే కానీ, పేరు మాత్రం పెట్టమన్నారు.

బండమీద దోసె (సాయంత్రం 6:12)

అన్నా, ఒక్కటి అడుగుతాను, కోపం లేకుండా చెప్పు. నా లింకు అంత ముల్లులా గుచ్చుకుంటుంటే ఇన్నాళ్లూ ఎందుకు తీసేయలేదు?

కపిలతీర్థం (6:30)

140 వీడియోలు. ఒక్కొక్కటి తెరిచి మార్చాలంటే ఎవరికి తీరిక?

తోతాపురి (6:34)

స్టూడియోలో అన్నింటినీ ఒకేసారి ఎంచుకుని వివరణ మార్చవచ్చు కదా సార్. రెండు నిమిషాల పని.

కపిలతీర్థం (6:51)

తెలుసు.