వ్యాయామ ఉపాధ్యాయుల కళాశాల స్త్రీలకు వసతిగృహం ఎందుకు ఏర్పాటు చేసింది?

ప్రశ్న (ఇండియానాపోలిస్ నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మేము కొన్నేళ్లుగా అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో ఉంటున్నాము. ఊరి నడిబొడ్డున, తూర్పు మిషిగన్ వీధిలో ఎథినియం అనే పెద్ద ఇటుకల భవనం ఉంది. జర్మనీ నుంచి వచ్చి స్థిరపడినవారు 1893 నుంచి 1898 వరకు రెండు విడతలుగా దానిని కట్టించుకున్నారు. నమూనా గీసిన బెర్నార్డ్ వోన్నెగట్, నవలాకారుడు కర్ట్ వోన్నెగట్‌కు తాతగారు. మొదట దాని పేరు ‘దాస్ డాయిచే హౌస్’, అంటే జర్మన్ ఇల్లు. అమెరికన్ జిమ్నాస్టిక్ యూనియన్ వారి నార్మల్ కళాశాల, అనగా వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేసే విద్యాలయం, 1907లో మిల్వాకీ నుంచి ఈ భవనానికి తరలివచ్చింది.

ఆ కళాశాల తన విద్యార్థినుల కోసం ప్రత్యేకంగా వసతిగృహం ఏర్పాటు చేసిందని చదివినప్పటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. దాన్ని నడిపిన టర్నర్లు, అనగా జర్మన్ వ్యాయామ సంఘాలవారు, స్వేచ్ఛను ప్రాణంగా భావించినవారు. చుట్టూ తెలిసిన జర్మన్ కుటుంబాలే ఉండగా, ఆడపిల్లలు ఎవరో ఒకరి ఇంట అద్దెకు ఉండడం అసాధ్యమేమీ కాదు. అయినా ఒక సంఘం ఆధారంగా నడిచే చిన్న విద్యాసంస్థ ఈ భారాన్ని ఎందుకు నెత్తికెత్తుకుంది? ఆ పిల్లల సౌకర్యం కోసమా, లేక వారిపై నిఘా కోసమా? మా అమ్మాయి వ్యాయామశాస్త్రం చదవడానికి వచ్చే ఏడాది కళాశాల హాస్టల్లో చేరబోతోంది. అందువల్ల ఈ ప్రశ్న నాకు పాత చరిత్రగా మాత్రమే కనిపించడం లేదు.

మొదటి జవాబు (చరిత్ర అధ్యాపకుడు)

అమ్మా, వసతిగృహం సంగతి అర్థం కావాలంటే ముందు ఆ కళాశాలలో చేరినవారు ఎవరో, కాలక్రమంలో వారు ఎలా మారారో చూడాలి. 1811లో ఫ్రీడ్రిఖ్ లుడ్విగ్ యాన్ బెర్లిన్ శివార్లలోని హాసెన్‌హైడె మైదానంలో ఆరుబయట వ్యాయామస్థలం తెరిచాడు. అక్కడ మొదలైన టర్నర్ ఉద్యమంలో శరీర సాధన, రాజకీయ స్వేచ్ఛ జంటగా నడిచాయి. జర్మనీలో 1848 విప్లవం విఫలమయ్యాక దేశం విడిచినవారు అమెరికాలో ఊరూరా టర్నర్ సంఘాలు పెట్టుకున్నారు. మన పాత తాలింఖానాకు ఒక గ్రంథాలయం, ఒక సభామందిరం, ఒక పానశాల కలిపితే ఎలా ఉంటుందో ఆ సంఘ భవనాలు అలా ఉండేవి.

ఆ సంఘాలకు శిక్షకులు కావలసివచ్చి, 1866లో న్యూయార్క్‌లో ఈ ఉపాధ్యాయ శిక్షణాలయాన్ని ప్రారంభించారు. కొన్నేళ్లపాటు అది ఊరు మారుతూ తిరిగి, 1875లో మిల్వాకీ చేరి, జార్జ్ బ్రోసియస్ అనే శిక్షకుడి చేతుల్లో ఒక రూపానికి వచ్చింది. తొలినాళ్లలో చేరినవారు సంఘాల్లో పెరిగిన యువకులు. అలాంటివాడు ఏ ఊరు వెళ్లినా అక్కడి సంఘమే అతనికి పుట్టిల్లు. ఎవరో ఒక సభ్యుడి ఇంట పడుకోవడానికి చోటు, సాయంత్రం సంఘ భవనంలో భోజనం, కబుర్లు దొరికేవి. కాబట్టి వసతి అనేది కళాశాల ఆలోచించవలసిన విషయమే కాలేదు.

ఈ పరిస్థితిని మార్చింది ప్రభుత్వ పాఠశాల. వ్యాయామాన్ని బడి పాఠ్యాంశంగా చేయాలని టర్నర్లు పట్టుబట్టి పనిచేశారు. ఒహాయో రాష్ట్రం 1892లోనే అందుకు చట్టం చేసింది. బడిలో సగం మంది ఆడపిల్లలు. వారికి నేర్పడానికి స్త్రీలు కావాలి. ఆ ఉద్యోగం కోసం వచ్చే పద్దెనిమిదేళ్ల అమ్మాయి హైస్కూలు ముగించి, పెట్టె సర్దుకుని, వేరే రాష్ట్రం నుంచి రైల్లో దిగుతుంది. ఆమెకు జర్మన్ రాకపోవచ్చు, సంఘంలో ఒక్క ముఖమూ తెలియకపోవచ్చు. అన్నదమ్ముల పొత్తుగా నడిచిన ఏర్పాటులో ఆమెకు చోటు లేదు. కళాశాల సంఘానికి అనుబంధంగా ఉన్నంతకాలం అతిథి మర్యాదతో సరిపోయింది. వృత్తి విద్యాలయంగా మారాక మాత్రం వసతి దాని బాధ్యత అయింది. వసతిగృహాన్ని నేను ఆ మార్పుకు గుర్తుగానే చూస్తాను.

రెండవ జవాబు (విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయిని)

పై జవాబుతో నేను ఏకీభవిస్తున్నాను. అయితే శరీరంతో పనిచేసే చదువు గురించి, ఆ చదువు చదివినదానిగా, ఒక మాట చేర్చాలి. ముప్పైయేళ్లు డ్రిల్లు టీచరుగా పనిచేశాను. నేను శిక్షణ పొందిన కళాశాల పేరు చెప్పను గాని, అక్కడ అబ్బాయిల హాస్టలు మైదానాన్ని ఆనుకుని ఉండేది. మాకు మాత్రం రెండు మైళ్ల దూరంలో ఒక అద్దె ఇల్లు చూపించారు. తెల్లవారుజామున చీకట్లో నడిచి వెళ్లి, పరుగు, లాంగ్ జంప్, బార్ల మీద సాధన ముగించుకుని, ఇసుకా చెమటా అంటిన ఒంటితోనే పాఠాలకు కూర్చునేవాళ్లం. పద్దెనిమిది మందికి ఒకే నూతి గిలక. రాత్రి ఉతికిన కాన్వాసు బూట్లు తెల్లారేసరికి ఆరేవి కావు. వాటిలో పాత వార్తాపత్రికలు కుక్కి, కిటికీ ఊచలకు లేసులతో వేలాడదీసి, మర్నాడు ఆ చెమ్మతోనే తొడుక్కుని పరుగెత్తేవాళ్లం. మడమ దగ్గర చర్మం ఒలిచిపోయి ఒక నెల నేను మైదానంలో దిగలేకపోయాను. ఆ నెల మార్కులు ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

ఇది చెప్పడానికి కారణం ఉంది. సాహిత్యం చదివే పిల్ల ఏ మేడ మీది గదిలో ఉన్నా, దీపం ఉంటే చదువు సాగుతుంది. వ్యాయామం చదివే పిల్లకు స్నానం, నిద్ర, తిండి, ఆరిన బట్ట, ఇవన్నీ పాఠ్యపరికరాలే. ఆ జర్మన్ పద్ధతిలో సమాంతర బార్లు, దూకడానికి వాడే గుర్రం అనే పరికరం, నిచ్చెనలు, కర్రలతో సామూహిక కసరత్తులు, వాటితోపాటు ఇండియన్ క్లబ్బులు తిప్పడం కూడా ఉండేది. ఆ క్లబ్బులు మన పహిల్వానుల ముద్గరాలే. ఆంగ్లేయుల ద్వారా పశ్చిమ దేశాలకు చేరాయి. ఇంత సాధన చేసిన పిల్ల పరాయి ఇంట అద్దెకుంటే, ఇంటావిడ పెట్టిన వేళకు, పెట్టినంత తినాలి. వేడినీళ్లు అడగడానికి మొహమాటపడాలి. కళాశాల సొంతంగా నడిపే ఇంట్లో అయితే వంటవేళను సాధనవేళకు సరిపెట్టవచ్చు, జబ్బుపడిన పిల్లను ఆ రోజు సాధన నుంచి తప్పించవచ్చు.

ఈ కళాశాల వారే 1921లో విస్కాన్సిన్‌లోని ఎల్క్‌హార్ట్ సరస్సు ఒడ్డున క్యాంప్ బ్రోసియస్ ఏర్పరచి, ఈత, పడవ నడపడం, ఆరుబయట ఆటలు అక్కడే ఉంచి నేర్పించారు. కలిసి ఉండడం కూడా శిక్షణలో భాగమేనన్న నమ్మకం ఉన్నవారే ఆ పని చేస్తారు.

మూడవ జవాబు (పరిశోధక విద్యార్థిని)

మేడం గారి అనుభవం చదివి మనసు కలుక్కుమంది. ఆ అవసరాలను నేను తక్కువ చేయను. కానీ ప్రశ్నలో ‘నిఘా’ అనే మాట ఉంది, దానిని దాటిపోకూడదు. ఆ కాలపు అమెరికాలో కళాశాల తల్లిదండ్రుల స్థానంలో నిలబడేది. 1865లో తెరిచిన వాసర్ స్త్రీల కళాశాలలో విద్యార్థినులంతా ఒకే మహాభవనంలో ఒక పెద్దావిడ అదుపాజ్ఞలలో ఉండేవారు. తర్వాత స్త్రీపురుషులు కలిసి చదివిన చోట్ల కూడా రాత్రి తలుపు మూసే వేళలు, సంతకాల పుస్తకాలు అమ్మాయిలకే తప్ప అబ్బాయిలకు ఉండేవి కావు. వసతిగృహం అంటే తల్లిదండ్రులకు భరోసా, పిల్లకు హద్దు.

పైగా టర్నర్ల స్వేచ్ఛలో ఒక పెద్ద లోటు ఉంది. బానిసత్వాన్ని ఎదిరించిన ఆ సంఘాలలోనే స్త్రీలు చాలాకాలం ‘మహిళా అనుబంధ సంఘం’ పేరిట విందులు, నిధుల సేకరణ చూసుకున్నారు. పూర్తి సభ్యత్వం వారికి ఆలస్యంగా అందింది. ఇదే వృత్తిలో ఇతరుల దారి పోల్చి చూడండి. ఇంగ్లండులో మార్టినా బెర్గ్‌మన్ ఓస్టర్‌బెర్గ్ 1885లో హాంప్‌స్టెడ్‌లో పెట్టి, 1895లో డార్ట్‌ఫర్డ్‌కు మార్చిన వ్యాయామ కళాశాల స్త్రీల కోసమే పుట్టింది. అక్కడ నివాసమే చదువుకు ఆధారం. బోస్టన్‌లో మేరీ హెమెన్‌వే ధనసహాయంతో 1889లో మొదలైన స్వీడిష్ వ్యాయామ పద్ధతి శిక్షణాలయాన్ని ఎమీ మారిస్ హోమన్స్ అనే ఆమె నడిపారు. 1909లో అది వెల్స్‌లీ స్త్రీల కళాశాలలో కలిసింది. స్త్రీలు స్త్రీల కోసం కట్టిన చోట గది మొదటి రోజు నుంచే లెక్కలో ఉంది. పురుషుల సంఘం నుంచి పుట్టిన చోట అది తర్వాత గుర్తుకువచ్చింది. అందువల్ల దీనిని ఉదారతగా పొగడడానికి నాకు మనసు ఒప్పదు. ఆలస్యంగా తీర్చిన బాకీ అంటాను.

అయితే తలుపు మూసిన తర్వాత లోపల ఏం జరుగుతుందన్నది కట్టినవారి చేతుల్లో ఉండదు. 1916లో ఈ కళాశాల విద్యార్థినులే డెల్టా సై కప్పా, ఫై డెల్టా పై అనే రెండు మహిళా సంఘాలను స్థాపించుకున్నారు. రెండూ వ్యాయామ విద్య చదివే స్త్రీలవే. తరువాత ఇతర కళాశాలలకు కూడా వ్యాపించాయి. అనుబంధ సంఘంలో వంట చూసుకున్న తరం పోయి, సొంత సంఘం పెట్టుకునే తరం వచ్చిందన్నమాట.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. నేను రెండింటిలో ఒకటి ఎంచుకోవాలన్నట్టు అడిగాను. సౌకర్యం, హద్దు ఒకే గడపలోంచి వస్తాయని ఇప్పుడు అర్థమైంది. మొదటి జవాబు చదివాక నిన్న సాయంత్రం ఆ భవనం దగ్గరకు మళ్లీ వెళ్లాను. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ వ్యతిరేకత ముదిరినప్పుడు, 1918లో, ‘జర్మన్ ఇల్లు’ అనే పేరు తీసేసి ఎథినియం అని పెట్టారు. ఆ ఏడాది ఈ మెట్లెక్కి వ్యాయామశాలకు వచ్చిన అమ్మాయిల ఊళ్లలో తల్లులు ఏమనుకుని ఉంటారో అని కాసేపు నిలబడ్డాను. 1941లో కళాశాల ఇండియానా విశ్వవిద్యాలయంలో కలిసిపోయింది. భవనంలో వ్యాయామశాల మాత్రం ఈనాటికీ ఉంది.

మేడం గారూ, మీ బూట్ల సంగతి మా అమ్మాయికి చదివి వినిపించాను. వచ్చే శనివారం తన హాస్టలు చూడడానికి వెళ్తున్నాము. గది రంగు, మంచం సంగతి తరువాత. వ్యాయామశాల ఎంత దూరం, వేడినీళ్లు ఏ వేళ వరకు వస్తాయి, తడి బూట్లు ఎక్కడ ఆరబెట్టాలి అని అడగమని తనే కాగితం మీద రాసుకుంది. రాత్రి తలుపు మూసే వేళ అబ్బాయిల హాస్టలుకూ ఇదేనా అన్న ప్రశ్న కింద నేను చేర్చాను.