మూకీ మెలోడ్రామా వెయ్యాలి: వేగం, తెలుగు కార్డులు, సంగీతం ఎలా?

ప్రశ్న:
1922లో ధీరేన్ గంగూలీ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీసిన ఊరు మన హైదరాబాద్. బాగ్‌లింగంపల్లిలో ఓ చిన్న హాల్లో అమెరికా దర్శకుడు గ్రిఫిత్ మూకీ 'ది మదర్ అండ్ ది లా' వెయ్యబోతున్నాం. చెయ్యని హత్యకు ఉరిశిక్ష పడిన కుర్రాడి కథ. దొరికిన ఫైలులో అందరూ ఉరుకులు పరుగుల మీదున్నారు. కోర్టు సీను చూస్తే నవ్వొస్తోంది. ఏం చెయ్యాలి?

రీలుపెట్టె:
ఫైలు సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తున్నట్టుంది. అప్పట్లో కెమెరా చేత్తో తిప్పేవాళ్లు కాబట్టి వేగం తక్కువే, సీనుకో తీరుగా కూడా ఉంటుంది. 35 ఎం.ఎం.లో అడుగుకి 16 ఫ్రేములు. వెయ్యి అడుగుల రీలు 24 మీద 11 నిమిషాల్లో అయిపోతుంది, 18 మీద దాదాపు 15 పడుతుంది. ముందు ఫ్రేము ఫ్రేము జరిపి చూడండి. ఒకే ఫ్రేము రెండుసార్లు పడకుండా ఉంటే ప్లేయర్‌లో వేగం 0.75 పెట్టండి, అదే 18. నడక మరీ ఈడ్చినట్టుంటే 20కి పెంచండి. ఫైలు తయారుచేసేటప్పుడు 18కైతే ప్రతి మూడో ఫ్రేము, 20కైతే ప్రతి ఐదో ఫ్రేము రెండుసార్లు పడాలి. ఫ్రేమ్ బ్లెండింగ్ (పక్కపక్క ఫ్రేములను కలిపేసే సెట్టింగు) ఆపెయ్యండి, లేదంటే చేతులు జంటగా కనబడతాయి.

టైటిల్‌కార్డు:
వేగం తేలాకే సబ్‌టైటిల్స్ మొదలుపెట్టండి, ముందే చేస్తే టైమింగంతా పోతుంది. కార్డు (సీన్ల మధ్య మాటలు రాసి చూపే తెర) నిలిచే సమయం కొలవడానికి తెలుగు వాక్యాన్ని నిదానంగా రెండుసార్లు పైకి చదవండి. అంతసేపు లేకపోతే కార్డు ఫ్రేమును సాగదీయండి. కార్డులతో ఆపేయొద్దు. తప్పుడు కేసు కథల్లో ఆధారమంతా కాగితాల మీదే ఉంటుంది. ఉత్తరం, పేపర్ హెడ్డింగు, క్షమాభిక్ష పత్రం, అన్నీ తెలుగులో పడాలి. ఇందులో హంతకురాలు తుపాకీని గదిలోకి విసిరేస్తుంది, కుర్రాడు దాన్ని తీసి పట్టుకున్నప్పుడే దొరికిపోతాడు. అక్కడ తెర మీద అక్షరం ఉండకూడదు. చూపంతా ఆ చేతి మీదే ఉండాలి.

హార్మోనియం:
నలుపు తెలుపు కాపీల్లో ఇంకో చిక్కుంది. రాత్రి సీన్లు చాలావరకు పగలే తీసి నీలం రంగు అద్దేవాళ్లు. రంగు పోతే రాత్రి నేరం పట్టపగలు జరిగినట్టుంటుంది, సాక్ష్యమే తారుమారవుతుంది. కథలో రాత్రని రూఢి అయిన చోట లేత నీలం వెయ్యండి.

సంగీతానికి హార్మోనియం, తబలా చాలు. చివర్లో కారు గవర్నర్ రైలును తరుముతుంటే, ఇటు ఉరికొయ్య దగ్గర కాళ్ల కింది పలక జారేలా తాళ్లు కొయ్యడానికి భటులు కత్తులు పట్టుకుని నిలబడతారు. షాటు మారినప్పుడల్లా వరస మార్చొద్దు, అదే బిగువు పోయేచోటు. ఒకే తాళం పట్టి జోరు పెంచుతూ పోండి, క్షమాభిక్ష చేతికందాకే ఆపండి.